కొత్త కుర్రాడికి ఎన్ని మార్కులు?

ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్‌లో బంతి తన్నేది మనం కాదు. ఎవర్ని కొనాలి, ఎవర్ని దింపాలి, ఎవర్ని బెంచీ మీద ఉంచాలి అన్నవే మన పనులు. వాటిలో పదహారు, పదిహేడేళ్ళ కొత్త కుర్రాడి విలువ కట్టడమంత కష్టమైనది ఇంకోటి లేదు. బూర్గంపాడు, సారపాక వైపు ఈ ఆట మీద మోజున్న పిల్లల కోసం కొన్ని విశేషాలు.

మీకు తెలుసా? పాస్, వేగం, హెడింగ్, ధైర్యం, ఇలా ఒక్కో గుణానికి 1 నుంచి 20 దాకా మార్కులుంటాయి. వీటి వెనక 200కు లెక్కేసే రెండు అంకెలు దాగి ఉంటాయి. ఒకటి ఇప్పుడున్న సత్తా, రెండోది ఎదగగల హద్దు. కొందరు కుర్రాళ్ళ హద్దును ఖాయం చేయకుండా మైనస్ గుర్తుతో వదిలేస్తారు. మైనస్ 9 అని ఉంటే, కొత్తగా ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ 150, 180 మధ్య ఏదో ఒక అంకె తీసుకుంటుంది. మీ ఆటలో మెరిసిన కుర్రాడు మీ స్నేహితుడి ఆటలో అంత ఎత్తుకు వెళ్ళకపోవడానికి ఇదొక కారణం.

గేమ్‌లో కుర్రాడి పక్కన కనిపించే నక్షత్రాలు చూసి మోసపోకండి. అవి మీ జట్టుతో పోల్చి ఇచ్చేవి. చిన్న క్లబ్బులో నాలుగు నక్షత్రాల కుర్రాడు బార్సిలోనాలో ఒక్కదానికే పరిమితం కావచ్చు. పైగా వాటిని ఇచ్చే కోచ్‌కీ, ఆటగాళ్ళను వెతికే స్కౌట్‌కీ మనిషిని అంచనా కట్టే నేర్పు ఎంతుందో వేరే మార్కులుంటాయి. ముందు వాళ్ళ మార్కులు చూడాలి, తర్వాతే కుర్రాడివి.

రెండు కాళ్ళతో సమానంగా ఆడేవాడికి ఈ గేమ్‌లో 200కు లెక్కేసే ఆ ‘ఇప్పుడున్న సత్తా’ కోటాలోంచే కొంత ఖర్చవుతుంది. రెండో కాలి విలువ కంప్యూటర్ కన్నా ఎన్నో ఏళ్ళ ముందే కనిపెట్టినాయన మన హైదరాబాద్‌లో ఉండేవారు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో టోర్నీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ కూడదన్న పోటీలూ పెట్టారు, ఒక్క టచ్‌తో పాస్ ఇవ్వడం అలవాటు కావాలని. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ని గుర్తించి, సాధనకు వచ్చేందుకు సైకిల్ అద్దె డబ్బులు కూడా ఇచ్చారు. ఆ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో ఆడాడు. 1960 రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు.

భారత జట్టు కోచ్‌గా రహీమ్ గారి అసలు గొప్పతనం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చూడాలి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ని ఫార్వర్డ్‌గా దింపారు రహీమ్. జర్నైల్ సెమీస్‌లోనూ ఫైనల్లోనూ గోల్ కొట్టాడు, మనం దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చుకున్నాం. ఏ స్థానానికి ఎన్ని మార్కులని గేమ్‌లో రాసుంటుంది. రహీమ్ గారు మైదానంలో చూసి రాసుకున్నారు.

అంకెలు తప్పడం మామూలే. 14 ఏళ్ళకే 2004లో అమెరికా లీగులో దిగిన ఫ్రెడ్డీ అడూ గేమ్‌లో మహా ఆటగాడు, నిజంలో కాలేకపోయాడు. ఈ గేమ్‌కు ముందు రూపమైన చాంపియన్‌షిప్ మేనేజర్ 2001-02లో టో మడీరా అనే వాడు గోల్స్ వర్షం కురిపించేవాడు. అసలు అలాంటి ఆటగాడే లేడు, కల్పించి చేర్చిన పేరు! అయినా ఈ సమాచారానికి విలువుంది. 2008లో ఎవర్టన్ క్లబ్బు ఆటగాళ్ళ కోసం వెతకడానికి ఈ డేటాబేస్ వాడుకునే ఒప్పందం చేసుకుంది.

ఈ మార్కులు ప్రపంచమంతటా పరిశీలకులు మ్యాచ్‌లు చూసి పంపేవి. చూసినవాళ్ళుంటేనే మార్కులు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. మహిళల ఫుట్‌బాల్ మాత్రం ఈ గేమ్‌లోకి 2025 నవంబరులో వచ్చిన ‘ఫుట్‌బాల్ మేనేజర్ 26’తోనే అడుగుపెట్టింది.

కిన్నెరసాని గోదావరిలో కలిసే మన బూర్గంపాడు దగ్గర, ఏజెన్సీ బళ్ళ మైదానాల్లో ఆడే పిల్లల్ని చూసి రాసేవాళ్ళు ఎవరున్నారు? పీఈటీ సార్లకూ, పెద్ద క్లాసుల పిల్లలకూ నా మనవి ఒకటే. ఈసారి మండల పోటీలు జరిగినప్పుడు నోట్‌బుక్ తీసుకెళ్ళండి. పేరు, పుట్టిన ఏడాది, ఏ స్థానం, ఏ కాలు, ఎన్ని నిమిషాలు ఆడారో రాయండి. వీలైతే ఫోన్‌లో మ్యాచ్ మొత్తం తీసి దాచండి, గోల్స్ ఒక్కటే కాదు.