తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు: యురేనియం, చౌడు

అనంతపురం కరవు పీఠభూమికి తూర్పున, వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. 2007లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టును యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తున్నది. 2018లో చుట్టుపక్కల గ్రామాల రైతులు బోరునీరు చెడిపోయిందని, అరటితోటలు ఎండిపోతున్నాయని ఫిర్యాదు చేశారు. ఆ వివాదం అప్పటినుండి ప్రధానంగా అణుధార్మికత చుట్టూనే తిరుగుతున్నది. రైతు కంటికి ముందుగా కనబడేది మాత్రం మరొకటి.

ఇక్కడి ఖనిజం డోలమైటు రాతిలో ఇమిడి ఉంది. ఝార్ఖండ్‌లోని జాదూగూడలో వలె ఆమ్లం వాడితే, ఖనిజం కన్న ముందు రాయే ఆ ఆమ్లాన్ని తాగేస్తుంది. అందుచేత తుమ్మలపల్లెలో క్షారపద్ధతిని అనుసరించారు. పొడిచేసిన రాతిని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంలో అధిక ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఉంచి యురేనియాన్ని కరిగిస్తారు. ఆపై సోడియం హైడ్రాక్సైడుతో సోడియం డైయురనేటుగా అవక్షేపింపజేస్తారు. టన్ను రాతి నుండి లభించే యురేనియం అరకిలో కూడా ఉండదు. తక్కినదంతా బురదగా వ్యర్థాల చెరువుకు చేరుతుంది.

ఆ బురదలో రెండు రకాల ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది అణుధార్మికత. యురేనియాన్ని తీసివేసినా దాని సంతతియైన థోరియం-230, రేడియం-226 చాలావరకు వ్యర్థంలోనే మిగులుతాయి. రేడియం అర్ధాయుష్షు సుమారు 1,600 సంవత్సరాలు, థోరియానిది సుమారు 75,000. రెండవది సోడియం. సోడియం అధికంగా గల నీరు పారిన నేలలో బంకమట్టి రేణువులు విడిపోయి, రంధ్రాలు మూసుకొని, నీరు ఇంకదు. రాయలసీమ రైతు దీనిని చౌడు అంటాడు. లవణాలను అంతగా తట్టుకోలేని అరటి అటువంటి నేలలో త్వరగా దెబ్బతింటుంది.

ఈ భేదం పరిశోధకునికి చాలా ముఖ్యం. బైకార్బొనేటు గల భూగర్భజలంలో యురేనియం కార్బొనేటు సంయుక్తంగా మారి సులభంగా కరుగుతుంది. ఋణావేశం గల ఆ సంయుక్తాన్ని బంకమట్టి గట్టిగా పట్టి ఉంచలేదు. ఈ రాతిపొరల నీటిలో సహజంగానే యురేనియం ఉండగలదు. కాబట్టి ఒక బోరులో యురేనియం కనబడినంత మాత్రాన అది చెరువు నుండి ఊరిందని చెప్పడానికి లేదు, ఊరలేదని చెప్పడానికీ లేదు. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. భారత అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60. ఈ అంకెలతో మాత్రమే జరిగే వాదం ఎటూ తెగదు. చెరువుకు దగ్గరి బోర్లలో సోడియం, సల్ఫేటు ఏటేటా పెరుగుతూ దూరపు బోర్లలో స్థిరంగా ఉంటే, అది ఊటకు బలమైన సూచన. అయితే గని తెరవకముందటి నీటి కొలతలు పక్కన ఉంటేనే ఈ పోలిక నిలుస్తుంది.

చెరువు అడుగున బెంటొనైటు మట్టి, పాలిథిన్ పొర వేయవలసిన విషయంపై కాలుష్య నియంత్రణ మండలికీ సంస్థకూ నడిచిన వివాదాన్ని ఈ నేపథ్యంలోనే చదవాలి. కార్మికుని బూట్లనూ దుస్తులనూ గని హద్దులోనే కడిగించి ఇంటికి పంపవచ్చు. చెరువు అడుగున ఊరే నీటికి అటువంటి కడుగుదల లేదు. పొర ఒక్కటే దాని హద్దు. అమెరికాలోని ఊటా రాష్ట్రంలో మోఅబ్ పట్టణం దగ్గర, కొలరాడో నది ఒడ్డున ఉన్న సుమారు 1.6 కోట్ల టన్నుల యురేనియం వ్యర్థాన్ని 2009 నుండి రైళ్లలో సుమారు 50 కిలోమీటర్ల దూరం తరలించవలసి వచ్చింది. అక్కడ ప్రభుత్వానికి రైలూ, నిధులూ, మరొక స్థలమూ ఉన్నాయి. బోరునీరే ఆధారమైన వేముల మండలపు రైతుకు ఆ బోరు చెడితే మరొక నీరు లేదు.