కంటిలో మెఱుపులు

దీపమార్పి పండుకొన్నవేళ కన్ను త్రిప్పినంతనే కణతవైపున వెండితీగవంటి వెలుగొకటి చివుక్కున మెఱసి మాయమగుట కొందఱి యనుభవమున గలదు. దూరపువస్తువులు మసకగ గానవచ్చు హ్రస్వదృష్టి గలవారికిది యితరులకంటె చిన్నవయస్సుననే సంభవించును. కారణమేమి?

కన్నుగ్రుడ్డులోపల లేతముంజెవంటి పారదర్శకపదార్థము నిండియున్నది. అందు నూటికి 98 పాళ్లు నీరే. దానివెనుక, గోడకు పూసిన పలుచనిపూతవలె, నేత్రపటలము గలదు. వైద్యులు రెటీనా యందురు. వయస్సు మీఱినకొలది ఆ ముంజె కొంత నీరై, ముడుచుకొని, పటలమునుండి విడివడుచు, అంటుకొన్నచోట్ల దానిని లాగును. పటలమునకు నొప్పి తెలియదు, తెలిసినది వెలుగొక్కటియే. కావున లాగినను వెలుగనియే మనస్సునకు దెలుపును.

సామాన్యమైన కన్ను ముందునుండి వెనుకకు ఇంచుమించు 24 మిల్లీమీటర్లు. హ్రస్వదృష్టి గలవారిది సాధారణముగ నంతకంటె పొడవు. అట్లు సాగినకంటిలో పటలము అంచులయందు పలుచబడును. అద్దములు చూపును దిద్దునేకాని పొడవును దగ్గింపవు. లేసరుచికిత్సతో అద్దములు మానినవారికిని ఈ మాట వర్తించును. వారే దీనిని మఱచుట మెండు.

పెక్కుమందికి మెఱుపులు క్రమముగ తగ్గిపోవును. అయితే లాగినచోట పటలము చిరిగెనేని, నీరు ఆ చిరుగున జొరబడి పటలమును గోడనుండి యూడదీయును. వనపర్తిసీమ చెఱువుల నెఱిగినవారికి గండిసంగతి చెప్పనక్కఱలేదు. ఒకప్పుడీ వ్యాధి అసాధ్యమని తలచిరి. స్విట్జర్లాండు దేశపు లోసాన్ నగరమున జూల్ గొనేన్ అను వైద్యుడు, చిరుగును మూసిననే పటలము మరల నంటునని 1920ల దశకమున నిరూపించెను. నేడు చిరుగుమాత్రమే యున్నచో లేసరుకిరణముతో కొన్ని నిమిషములలో దానిచుట్టు అతుకువేయుదురు. ఊడినపిమ్మట శస్త్రచికిత్స కావలయును. నడిమిభాగమును ఊడెనా, మునుపటిచూపు పూర్తిగ మరలుట అరుదు.

రెండుకన్నులకును వంకరటింకరగ ఇరువదినిమిషములు మెఱసి తలనొప్పితో ముగియు వెలుగు తఱచుగ పార్శ్వపుతలనొప్పికి సంబంధించినది. కాని యొకకంట మెఱుపులు క్రొత్తగ పుట్టినను, మసి చల్లినట్లు నల్లనిచుక్కలు రాలినను, ఒకవైపు తెర దిగినట్లున్నను, నొప్పి లేదుగదా, పత్తి యేరుట ముగియనిమ్మని జాగుసేయక ఆ దినమే బయలుదేరవలెను. గద్వాలవారికి కర్నూలు దగ్గఱ; వనపర్తి, నాగర్‌కర్నూలువారు హైదరాబాదు పోవచ్చును. అచ్చటి సరోజినీదేవి నేత్రవైద్యశాల ప్రభుత్వమువారిది. అద్దముల దుకాణమునందలి పరీక్ష చాలదు. మందుచుక్కలతో కంటిపాపను విప్పార్చి పటలము నంచులవఱకు చూడవలయును. పిదప కొన్నిగంటలు చూపు మసకబారును గనుక తోడొకరిని గొనిపోవుట మేలు.