గొంతు మారిన పీటర్, ఊడిపడ్డ ఆలివర్

సిట్‌కామ్‌లో ముద్దుగా ఉన్న పిల్లాడు నాలుగు సీజన్లు తిరిగేసరికి మూతి మీద నూనూగు మీసంతో, బొంగురు గొంతుతో కనిపిస్తాడు కదా. అప్పుడు రైటర్లు ఏం చేస్తారు?

అమెరికాలో 1969లో 'ది బ్రేడీ బంచ్' మొదలైంది. ఇంట్లో ఆరుగురు పిల్లలు. 1972లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో అందరూ కలిసి పాట రికార్డ్ చేయాలి, సరిగ్గా అప్పుడే పీటర్‌కి గొంతు మారడం మొదలవుతుంది. వాడిని పక్కన పెట్టలేదు. కీచుమంటున్న ఆ గొంతు కోసమే కొత్త పాట కట్టారు. నవ్వొస్తుంది, కానీ వాడు ఒంటరిగా లేడు. అందుకే నాకు అది భలే ఇష్టం.

తర్వాత పిల్లలు బాగా పెద్దోళ్లయిపోయారు. 1974లో చివరి ఆరు ఎపిసోడ్లకి ఆలివర్ అనే బుడ్డోడిని కజిన్‌గా దింపారు. షో ఆగిపోయింది. ఇప్పటికీ ఇలా మధ్యలో ఊడిపడే పాత్రని 'కజిన్ ఆలివర్' అనే అంటారు. పాపం, ఆ వేషం వేసిన పిల్లాడి తప్పేముంది చెప్పండి!

అసలు కష్టం స్క్రీన్ బయట. 2009లో 'మోడ్రన్ ఫ్యామిలీ' మొదలైనప్పుడు అలెక్స్‌గా చేసిన ఏరియల్ వింటర్‌కి 11 ఏళ్లు. టీనేజ్‌లోకి వచ్చాక తన ఒంటి గురించి ఆన్‌లైన్‌లో ఎన్ని మాటలు పడ్డాయో ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. మన ఎనిమిదో క్లాస్ ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరైనా పెడితేనే డిలీట్ చేయమని గొడవపడతాం. వాళ్లకి ఆ వయసంతా రీరన్స్‌లో తిరుగుతూనే ఉంటుంది. "అయ్యో, ఈ అమ్మాయి ఇలా అయిపోయిందేంటి" అని ఒకప్పుడు అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.