తాపీ తీరానికి వచ్చినవాళ్ల వారసులు: డీఎన్‌ఏ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట డుమస్ ఉంది. నల్లని ఇసుకకు పేరుపొందిన ఈ తీరం ఇప్పుడు సూరత్ వాసులకు సెలవురోజు విహారస్థలం. నదీముఖానికి అవతల, ఉత్తరం వైపున హజీరా, దానికి కాస్త పైన సువాలి తీరం ఉన్నాయి. 17వ శతాబ్దంలో సూరత్‌కు వచ్చే ఇంగ్లిష్ ఓడలు లంగరు వేసింది ఈ సువాలి దగ్గరే.

1615 సెప్టెంబరులో అక్కడికి ‘లయన్’ అనే ఓడ వచ్చింది. అందులో జహంగీర్ చక్రవర్తి కొలువుకు ఇంగ్లండ్ రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో ఉన్నాడు. ఓడ కెప్టెన్ పేరు క్రిస్టఫర్ న్యూపోర్ట్. ఎనిమిదేళ్ల ముందు, 1607లో, వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌కు తొలి ఇంగ్లిష్ వలసదారులను చేర్చిన ఓడలకు నాయకత్వం వహించినది కూడా ఇతనే. అమెరికాలో శాశ్వతంగా నిలిచిన తొలి ఇంగ్లిష్ స్థావరమూ, భారత పశ్చిమ తీరంలో ఈస్టిండియా కంపెనీ తొలి అడుగులూ ఒకే తరం నావికుల చేతుల మీదుగా జరిగాయి.

అమెరికాలో ఆనాటి వలసదారుల వారసులమని నిరూపించుకోవడం పెద్ద వ్యాపకం. 1620లో ‘మేఫ్లవర్’ ఓడలో వచ్చిన 102 మంది ప్రయాణికుల సంతతి కోసం 1897లోనే ఒక సంఘం ఏర్పడింది. అందులో సభ్యత్వం కావాలంటే ప్రతి తరానికీ జనన, వివాహ, మరణ పత్రాలు చూపాలి. కానీ అన్ని కుటుంబాలకూ పత్రాలు ఉండవు. బానిసలుగా తెచ్చినవారికి, పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన స్త్రీలకు, రాతపూర్వక చరిత్ర లేని సమూహాలకు వంశవృక్షం మధ్యలోనే తెగిపోతుంది. అలాంటి చోట ఇప్పుడు డీఎన్‌ఏ అక్కరకు వస్తోంది. సూరత్ పరిసరాల్లో స్థిరపడినవారి కథలు దీనికి మంచి ఉదాహరణలు.

రెండు దారాలు, వేల మంది పూర్వీకులు

మన కణాల్లోని డీఎన్‌ఏలో రెండు భాగాలు వంశాన్వేషణకు సూటిగా పనికొస్తాయి. మొదటిది వై క్రోమోజోమ్. ఇది తండ్రి నుంచి కొడుక్కి, దాదాపు మార్పు లేకుండా చేరుతుంది. మన ఇంటిపేరు నడిచే దారి ఇదే. రెండోది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. ఇది తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది కానీ కూతుళ్ల ద్వారా మాత్రమే ముందుకు సాగుతుంది. ఈ రెండింటిలో అప్పుడప్పుడు జరిగే చిన్న మార్పులు, అంటే ఉత్పరివర్తనాలు, శాఖలను గుర్తించే ఆనవాళ్లుగా మిగిలిపోతాయి.

అయితే ఈ దారాలు ఎంత సన్ననివో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. తరానికి 30 ఏళ్లు అనుకుంటే, న్యూపోర్ట్ కాలం నుంచి నేటికి 13 తరాలు దాటాయి. ప్రతి తరానికీ పూర్వీకుల సంఖ్య రెట్టింపవుతుంది కాబట్టి 13 తరాల వెనక ఒక మనిషికి 8,192 పూర్వీకుల స్థానాలు ఉంటాయి. వాటిలో వై క్రోమోజోమ్ చెప్పేది ఒకరి సంగతి. మైటోకాండ్రియా చెప్పేది ఇంకొకరి సంగతి. మిగతా 8,190 స్థానాల గురించి ఈ రెండూ ఏమీ చెప్పవు.

మిగిలిన 22 జతల క్రోమోజోములు చెబుతాయి కదా అనుకోవచ్చు. చెబుతాయి, కానీ అందరి గురించీ కాదు. తల్లిదండ్రుల క్రోమోజోములు ప్రతి తరంలోనూ పేకముక్కల్లా కలిసి, కొత్త వరుసలో పిల్లలకు అందుతాయి. సగటు లెక్కన 13 తరాల నాటి పూర్వీకుల నుంచి మనకు వచ్చే ముక్కలు ఎనిమిది, తొమ్మిది వందలకు మించవు. అంటే ఆ తరంలోని పూర్వీకుల్లో చాలామంది డీఎన్‌ఏ మన ఒంట్లో ఒక్క ముక్క కూడా ఉండదు. వాళ్లు మన పూర్వీకులే, కానీ జన్యుపరంగా ఆనవాలు లేనివాళ్లు. కాబట్టి పరీక్షలో ఫలానా వంశం కనిపించనంత మాత్రాన ఆ బంధుత్వం లేదని తేల్చలేం.

జెఫర్సన్ కేసు నేర్పిన పాఠం

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు, ఆయన ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్‌కు పిల్లలున్నారన్న వాదన రెండు వందల ఏళ్లు నడిచింది. 1998లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం దీన్ని వై క్రోమోజోమ్‌తో పరీక్షించింది. జెఫర్సన్ భార్యకు పుట్టిన మగపిల్లలెవరూ పెరిగి పెద్దవారు కాలేదు. అందుకే ఆయన పెదతండ్రి వరస మగ సంతతి నుంచి నమూనాలు తీసుకున్నారు. శాలీ చిన్న కొడుకు ఎస్టన్ వారసుడి వై క్రోమోజోమ్ దానితో సరిపోయింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఎస్టన్ తండ్రి జెఫర్సన్ వంశంలోని ఒక పురుషుడని మాత్రమే డీఎన్‌ఏ చెప్పింది. ఆ పురుషుడు థామస్ జెఫర్సనే అని చెప్పడానికి చరిత్రకారులు కాగితాలు వెతకాల్సి వచ్చింది. శాలీ గర్భం దాల్చిన కాలాల్లో ఆయన ఆ ఇంట్లోనే ఉన్నట్టు రికార్డులు తేల్చాయి. డీఎన్‌ఏ, దస్తావేజు రెండూ కలిస్తేనే సాక్ష్యం బలపడుతుంది.

పాలలో చక్కెర

ఇప్పుడు మళ్లీ గుజరాత్ తీరానికి వద్దాం. సూరత్‌కు దక్షిణాన, ఇదే తీరంలో సంజాన్ ఉంది. ఇరాన్ నుంచి వచ్చిన జొరాస్ట్రియన్లు, అంటే నేటి పార్సీల పూర్వీకులు, తొలుత స్థిరపడింది అక్కడేనని సంప్రదాయం చెబుతుంది. నిండు పాలగిన్నె చూపి చోటు లేదన్న స్థానిక రాజుకు, ఆ పాలలో చక్కెర కలిపి జవాబు చెప్పారన్న కథ అందరికీ తెలిసిందే. వాళ్ల రాక గురించి చెప్పే ‘కిస్సా-ఎ-సంజాన్’ అనే పారశీక కావ్యం మాత్రం 16వ శతాబ్దం చివర్లో రాసింది. అంటే సంఘటనకు, రాతకు మధ్య కొన్ని వందల ఏళ్ల ఎడం ఉంది. తర్వాతి కాలంలో సూరత్ పార్సీలకు పెద్ద కేంద్రమైంది. బొంబాయి నౌకా నిర్మాణానికి పునాది వేసిన లవ్‌జీ నుస్సెర్‌వాన్‌జీ వాడియా సూరత్ నుంచి వెళ్లినవాడే.

2017లో ‘జీనోమ్ బయాలజీ’ పత్రికలో పార్సీల జన్యు చరిత్రపై ఒక అధ్యయనం వెలువడింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్ ఇందులో భాగస్వామి. పరిశోధకులు నేటి పార్సీల డీఎన్‌ఏతో పాటు, సంజాన్ తవ్వకాల్లో దొరికిన 21 పురాతన అస్థి నమూనాల మైటోకాండ్రియా డీఎన్‌ఏను కూడా చదివారు.

ఫలితాల్లో మూడు ముఖ్యమైనవి. ఒకటి, పార్సీలు జన్యుపరంగా పొరుగు భారతీయుల కన్నా ఇరాన్, కాకసస్ ప్రాంతాల ప్రజలకే దగ్గర. రెండు, స్థానికులతో వారి కలయిక సుమారు 1,200 ఏళ్ల కిందట జరిగింది. మూడు, పురాతన నమూనాల్లో 48 శాతం, అంటే 21లో 10, దక్షిణాసియాకు చెందిన మాతృవంశాలు.

1,200 ఏళ్ల లెక్క ఎలా వచ్చింది? రెండు జనాభాలు కలిసిన కొత్తలో సంతానంలో ఒక్కో జనాభా డీఎన్‌ఏ పొడవైన పట్టీలుగా ఉంటుంది. తరం మారేకొద్దీ ఆ పట్టీలు తెగి పొట్టివవుతాయి. ఎంత వేగంతో తెగుతాయో తెలుసు కాబట్టి, మిగిలిన పట్టీల సగటు పొడవును బట్టి ఎన్ని తరాలు గడిచాయో లెక్కగట్టవచ్చు. ఇక్కడ దాదాపు 40 తరాలు.

మూడో ఫలితం ఇంకా లోతైనది. తొలి వలసదారులు స్థిరపడే క్రమంలో స్థానిక స్త్రీలు ఆ సమాజంలో భాగమై ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. వలస గాథలో వాళ్ల పేర్లు లేవు. పేర్లు లేని ఆ తల్లుల గుర్తు మైటోకాండ్రియాలో మిగిలింది. 1908లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు, పార్సీ తండ్రికి ఇతర మతస్థురాలైన తల్లి వల్ల పుట్టిన పిల్లలను మతంలో చేర్చుకుంటే పార్సీలుగా గుర్తించింది. తల్లి మాత్రమే పార్సీ అయిన పిల్లలకు ఆ అవకాశం ఇవ్వలేదు. దీనిపై ఆ సమాజంలో నేటికీ చర్చ ఉంది. 2001లో 69,601గా ఉన్న పార్సీల జనాభా 2011 నాటికి 57,264కు తగ్గడంతో ఆ చర్చకు తీవ్రత పెరిగింది. ఎవరు పార్సీ అన్నది మతం, చట్టం తేల్చాల్సిన ప్రశ్న. డీఎన్‌ఏ దానికి తీర్పు ఇవ్వలేదు, కానీ తొలినాళ్లలో ఏం జరిగిందో చెప్పగలదు.

అదే అధ్యయనంలో మరో హెచ్చరిక ఉంది. పార్సీలు నేటి ఇరానియన్ల కన్నా నవీన శిలాయుగపు ఇరానియన్లకు దగ్గరగా ఉన్నారు. ఎందుకంటే పార్సీలు వచ్చేశాక ఇరాన్‌లో కొత్త కలయికలు జరిగాయి. నేటి జనాభాతో పోల్చి ‘మీరు ఇంత శాతం ఫలానా దేశం’ అని చెప్పే వాణిజ్య పరీక్షలను అందుకే ఆచితూచి చదవాలి.

బలవంతంగా వచ్చినవారి చిరునామా

ఇష్టపడి వచ్చినవారికి గాథలైనా ఉన్నాయి. ఆఫ్రికా నుంచి తెచ్చినవారికి అవీ తక్కువే. గుజరాత్, కర్ణాటకల్లోని సిద్దీలపై సీసీఎంబీ బృందం పాల్గొన్న అధ్యయనం 2011లో వెలువడింది. వారి మూలాలు సహారాకు దిగువన బంటూ భాషలు మాట్లాడే ప్రజల్లో ఉన్నాయని, స్థానికులతో కలయిక గత ఎనిమిది తరాల్లో, అంటే సుమారు 200 ఏళ్లలో జరిగి ఉంటుందని అది తేల్చింది. ఆఫ్రికా మూలాలున్నవారు హైదరాబాద్‌కూ కొత్తకాదు. నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే నేటి ఏసీ గార్డ్స్ ప్రాంతానికి మిగిలింది.

అమెరికాలోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. మేరీల్యాండ్‌లోని కాటోక్టిన్ ఇనుప కొలిమి దగ్గర సమాధి చేసిన 27 మంది ఆఫ్రికన్ అమెరికన్ల డీఎన్‌ఏను పరిశోధకులు ఒక వాణిజ్య సంస్థ దగ్గరున్న సమాచారంతో పోల్చారు. 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం, వారితో జన్యు బంధుత్వం ఉన్న 41,799 మందిని గుర్తించింది. పత్రాలు చెప్పలేని బంధుత్వాలను ఎముకలు చెప్పాయి.

పరీక్షకు ముందు

ఈ శక్తికి ఒక వెల ఉంది. డీఎన్‌ఏ ఒక్కరి సొత్తు కాదు. ఒకరు నమూనా ఇస్తే తోబుట్టువులు, మేనత్త, మేనమామ పిల్లల సమాచారం కూడా కొంత బయటపడుతుంది. 2023లో అమెరికాకు చెందిన ఒక పెద్ద జన్యు పరీక్షల సంస్థ నుంచి దాదాపు 69 లక్షల మంది వినియోగదారుల సమాచారం బయటికి పోయింది. సంకేతపదం మార్చుకోవచ్చు కానీ డీఎన్‌ఏను మార్చుకోలేం.

కాబట్టి వంశం వెతకాలనుకునేవారు ఇంట్లోనే మొదలుపెట్టడం మేలు. పెద్దవాళ్లు గుర్తుచేసుకునే పేర్లు, ముఖ్యంగా అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు, ఊళ్లు, పాత దస్తావేజులు రాసి పెట్టుకోవాలి. ఇంటిపేరుతో పాటు నిలిచేది ఒక్క దారమే. మిగతా వేల దారాల్లో గుర్తున్నవాటినైనా కాగితం మీద పెట్టకపోతే, తర్వాత ఏ పరీక్షా వాటి పేర్లు చెప్పలేదు.