ఇఱుకింటిలో తూటాల బల్ల

పురాణవీరులకు అక్షయతూణీరములు కలవు. ఖాండవదహన సమయమున అగ్నిదేవుని కోరికపై వరుణుడు అర్జునున కొసగిన యమ్ములపొదులలో బాణములు తఱుగుట యన్నది లేదు. మానవమాత్రుల కట్టి భాగ్యము లేదు. విలుకాడు అభ్యాసము ముగిసిన పిదప గుఱి చెంతకు పోయి, బాణముల నేఱుకొని, వంగినదానిని చక్కజేసి, ఊడిన యీకను మరల కట్టి మఱునాటికి సిద్ధపఱచుకొనవలసినదే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గుఱి కొట్టుటయం దాసక్తి గలవారు కొందఱు తుపాకి తూటాల విషయమున చేయుచున్న పనియు నిట్టిదే. ప్రేలిన తూటాయొక్క ఇత్తడి గొట్టమును పాఱవేయక యింటికి తెచ్చి, దానిని మరల నింపుకొనుచున్నారు. దీనికి వారు రీలోడింగు అని పేరిడిరి.

ఇట్టి విషయము స్త్రీల పత్రికలో నేల యని మా సోదరీమణు లడుగవచ్చును. వేడుక పురుషునిదే కావచ్చును. గాని యా వేడుకకు కావలసిన బల్ల యింటిలోనే వెలయుచున్నది. పెద్ద యిండ్లు గలవారికి కారు నిలుపు కొట్టమో, నేలమాళిగయో యుండును. పట్టణములలో అద్దెకు దొరకు రెండుగదుల అపార్టుమెంటున కట్టి తావు లేదు. వంటయు, పడకయు, పిల్లల యాటయు, ఈ బల్లయు ఒకే కప్పు క్రింద, ఒక్కొక్కప్పుడు ఒకే గదిలో నిముడవలెను. ఇంటిలో నే వస్తువు ఎచ్చట నుండవలెనో చూచునది యిల్లాలు. కావున నీ సంగతి యామె యెఱిగియుండుట మేలని మా తలంపు. స్థలము చాలునా యనునది యిచ్చట మొదటి ప్రశ్న కాదు. ఈ బల్లనుండి రాలు ధూళి యెచ్చటికి పోవుననునదే మొదటి ప్రశ్న.

ముందుగా చట్టము మాట చెప్పెదము. మన దేశమున 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి అనుమతి లేక తూటాలు తయారుచేయుట నేరము. కావున నిది మన యిండ్లలో ప్రయత్నింపదగిన పని కాదు. అమెరికాలో తుపాకి గలిగియుండు హక్కు గలవారు సొంత వాడుకకై తూటాలు నింపుకొనుటకు ఆ దేశపు కేంద్రచట్టము వేఱొక లైసెన్సు కోరదు. గాని ఉద్యోగపు వీసాపైనను, విద్యార్థి వీసాపైనను అచ్చటికి పోయిన మన తెలుగువారు మఱువరాని దొకటి కలదు. అట్టి తాత్కాలిక వీసా గలవారు తుపాకిని గాని, తుదకొక్క తూటాను గాని కలిగియుండుటనే అచ్చటి కేంద్రచట్టము నిషేధించుచున్నది. చెల్లుబాటగు వేట లైసెన్సు గలవారు మొదలైన కొందఱికి మాత్రమే మినహాయింపు కలదు. హక్కు గలవారును తమ రాష్ట్రపు నిబంధనలను, నగరపు అగ్నిమాపక నిబంధనలను, అద్దెపత్రమును చదివిన పిదపనే బల్ల మాట తలపెట్టవలెను.

తూటాకు అంగములు నాలుగు. ఇత్తడి గొట్టము మొదటిది. దాని యడుగున నమర్చిన చిన్న బిళ్ల, ప్రైమరు, రెండవది. తుపాకియందలి సూది తగిలినంతనే నిప్పు పుట్టించునది యిదియే. లోపల మండు మందు మూడవది. మూతియందు నాటిన గుండు నాలుగవది. తుపాకి ప్రేలినప్పుడు గుండు పోవును, మందు కాలిపోవును, ప్రైమరు నిరుపయోగమగును. నాల్గింటిలో ఖరీదైన గొట్టము మాత్రము నిలుచును. 1860 ప్రాంతముల తరువాత ప్రైమరు విధములు రెండు పుట్టినవి. ఆంగ్లేయుడగు బాక్సరు కల్పించినదానికి గొట్టపు టడుగున నడుమ నొకే రంధ్రము. అమెరికావాడగు బెర్డాను కల్పించినదానికి ప్రక్కగా రెండు రంధ్రములు. చిత్రమేమనగా ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలోను, అమెరికావాని పద్ధతి ఐరోపాలోను వ్యాపించినవి. నడుమ నొకే రంధ్రముండుటచే నొక్క పుల్లతో పాత ప్రైమరును సులువుగా ద్రోసివేయవచ్చును. అమెరికాలో నీ యింటిపని యింతగా పెరుగుట కది యొక కారణము. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనునాతడు కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణమున తన తండ్రి చాకలిదుకాణపు వెనుకగదిలో నిట్టి పనిముట్లు చేయ నారంభించెను. నేడు ఆర్‌సీబీఎస్ అను పేర ప్రసిద్ధమైన సంస్థ కదియే మొదలు. ఇఱుకుగది యీ పనికి క్రొత్త కాదన్నమాట.

ఇక బల్ల. ఉబ్బిన గొట్టమును పూర్వపు కొలతకు తెచ్చుటకు దానిని ఉక్కు అచ్చులోనికి బలముగా నెట్టవలెను. ఇందులకు మీట గల ప్రెస్సు కావలెను. మీటను క్రిందికి లాగునప్పుడు బల్ల పైకి లేచును, ఊగును. కావున పొడవు వెడల్పులకంటె బరువే ముఖ్యము. రెండడుగుల బల్లయైనను చాలును. గాని కాళ్లు గట్టిగా నుండవలెను, క్రింది యఱలో బరువుంచవలెను. అద్దెయింటి గోడకు మేకు కొట్టరాదు గనుక, ప్రెస్సును దళసరి పలకకు బిగించి, ఆ పలకను బల్లకు బిగింపుమరలతో పట్టించి, పని తీరగానే విప్పి అలమరలో పెట్టుట పలువురు చేయు నుపాయము. చేతితోనే పట్టి నొక్కు చిన్న ప్రెస్సులును కలవు. సుత్తితో కొట్టి నింపు సాధనము చౌకయైనదే గాని, రాత్రివేళ క్రింది వాటావారు తలుపు తట్టుటకు అది చాలును.

నిప్పును గుఱించి యందఱకును భయము కలదు. ఆ భయము తగినదే, కాని దాని తీరు తెలియవలెను. పూర్వపు నల్లని తుపాకిమందు నిప్పురవ్వ సోకిన చాలును, ప్రేలును; అది అపార్టుమెంటునకు తగదు. 1884లో ఫ్రాన్సు దేశీయుడు పాల్ వియే కనుగొన్నది మొదలు వాడుకకు వచ్చిన పొగలేని మందు ఆరుబయట నంటుకొన్నచో భగ్గున మండునే గాని ప్రేలదు. బిగించి మూసిన పాత్రలో నున్నచో వాయువు పోవు దారి లేక పగులగొట్టుకొని వచ్చును. కావున మన మనుకొనునట్లు దానిని ఇనుపపెట్టెలో బిగించి దాచుట క్షేమము కాదు. అంగడినుండి వచ్చిన డబ్బాలోనే, కఱ్ఱ యలమరలో, పొయ్యికిని వేడినీటి యంత్రమునకును దూరముగా, పిల్లల చేతికందని తాళములో నుంచవలెను. అచ్చటి అగ్నిమాపక ప్రమాణములు ఇంటిలో ఇరువది పౌనుల, అనగా సుమారు 9 కిలోల మందును, 10,000 ప్రైమర్లను సామాన్యముగా హద్దుగా నిర్ణయించినవి. ఇఱుకింటిలో అందు పదియవ వంతైన నవసరము లేదు. ప్రైమర్లను ఆవాలవలె సీసాలో పోసి యుంచరాదు. ఒకటి ప్రేలిన తక్కినవన్నియు ప్రేలును. అవి వచ్చిన యట్టలోనే, దేని గుంటలో నదిగా, నుండవలెను. ఒలికిన మందును విద్యుత్తుతో తిరుగు ఊడ్పుయంత్రముతో పీల్చరాదు. అందలి రవ్వ చాలును. మెత్తని కుంచెతో చేటలోని కెత్తవలెను.

నిప్పుకంటె నెక్కువ ప్రమాదము పరధ్యానమువలన కలుగును. మందును గ్రెయినులలో తూచెదరు. పౌనుకు 7,000 గ్రెయినులు. ఉప్పు రవంత హెచ్చినచో కూర చెడును. ఇచ్చట మందు రవంత హెచ్చినచో తుపాకి చేతిలో పగులును. చిన్న పిస్తోలు గొట్టమున రెండుమాఱులు పోసినను మందు పొరలిపోక లోపలనే యిముడును, అదియే మోసము. అసలు పోయక మఱచిన తూటాలోని గుండు గొట్టమున నిఱుకుకొని, వెనుక వచ్చు గుండుతో తుపాకిని పగులగొట్టును. కావున ప్రకటిత గ్రంథము చెప్పిన కొలతనే వాడవలెను. ఒక్కమాఱు ఒక్క విధమగు మందు డబ్బాయే బల్లపై నుండవలెను. గుండ్లు నాటకమునుపు గొట్టముల నన్నిటిని వరుసగా నిలిపి దీపపు వెలుతురున లోనికి తొంగి చూడవలెను. పైన పంకా తిరుగుచున్నచో త్రాసుతట్ట కదలును గనుక దాని నాపవలెను. ఇక మాటలాడించు వారెవ్వరును దగ్గఱ నుండరాదు. వారమున కొక గంట, పిల్లలు నిద్రించిన పిదప, తలుపు వేసికొని, కన్నులకు అద్దములు ధరించి చేసికొనుమని పురుషునితో ముందుగానే ఒడంబడిక చేసికొనుట మంచిది. ఆ గంటలో అతనిని పిలువకుండుట మన వంతు.

గొట్టములను కడుగు విషయమున మన యింటి విద్యకు బంధుత్వము కలదు. మనము ఇత్తడి బిందెలను చింతపండుతో తోముదుము. వారు నిమ్మపులుసు ఉప్పు కలిపిన నీటిలో గొట్టములను ముంచెదరు. రెంటను పులుపే పని చేయును. గాని అమ్మోనియా గల మెరుగుమందులు కూడవు. దీనికి మన దేశములోనే సాక్ష్యము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇచ్చటి ఆంగ్లసైన్యపు తూటాల గొట్టములు వానకాలము వచ్చుసరికి తమంత తామే బీటలు వాఱుచుండెను. గుఱ్ఱపుశాలలలో నిలువచేయుటచే గుఱ్ఱముల మూత్రమునుండి వెలువడు అమ్మోనియా, తేమతో కూడి, బిగిసియున్న ఇత్తడిని చీల్చుచుండెను. 1921లో ముగ్గురు ఆంగ్లశాస్త్రజ్ఞులు దీని కారణమును వివరించిరి. ఋతువునుబట్టి వచ్చు తెగులు గనుక ఆంగ్లమున దానికి ఋతువుపేరే నిలిచినది.

ఇక మేము మొదట చెప్పిన ధూళి. ప్రైమరులో సామాన్యముగా సీసపు లవణము కలదు, గుండులోను సీసమే. ప్రేలిన గొట్టపు లోపలి మసియందు, పాత ప్రైమర్లు రాలిన తట్టయందు, గొట్టములను మొక్కజొన్నకంకుల బెండు పొట్టులో దొర్లించి మెరుగుపెట్టు యంత్రపు దుమ్మునందు సీసము చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. లక్కయింట ప్రవేశించినప్పుడు ధర్మరాజు నేయి, లక్క కలసిన వాసననుబట్టి మోసము కనుగొనెను. మన కిచ్చట నా యాధారమును లేదు. మొదటి ప్రపంచయుద్ధమున ఆంగ్లదేశపు కర్మాగారములలో ఫిరంగిగుండ్లకు మందు కూరిన స్త్రీల చర్మము పసుపుపచ్చనాయెను. జనులు వారికి పసుపుపిట్టల పేరిడిరి. ఆ విషము రంగుగా నైనను తెలిసినది; సీసము పిల్లల శరీరమున చేరి బుద్ధిని, చదువును, నడవడిని మెల్లగా కుంచించును. పిల్లల కింత సీసము క్షేమమని చెప్పదగిన హద్దే లేదని వైద్యుల మతము. అమెరికా ఆరోగ్యశాఖవారు 2021లో బిడ్డ రక్తమున డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటినచో జాగ్రత్తపడవలెనని గుఱుతు నిర్ణయించిరి.

కావున బల్ల క్రింద తివాచి యుండరాదు. తుడువ వీలగు నేల కావలెను. పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను వేఱుగా నుంచవలెను. గొట్టములను వంటింటి తొట్టిలో కడుగరాదు. వంటపాత్ర నొక్కదానిని గాని, గరిటె నొక్కదానిని గాని ఆ పనికి అరు వీయరాదు. పొట్టుతో మెరుగుపెట్టుట యింటిలో మానవలెను. బల్లవద్ద కాఫీయు, ఫలాహారమును వద్దు. పని ముగిసినంతనే చేతులు, ముఖము సబ్బుతో కడుగుకొని, బట్టలు మార్చుకొన్న పిదపనే బిడ్డ నెత్తుకొనవలెను. విడిచిన బట్టలు బిడ్డ బట్టలతో కలిపి ఉతుకరాదు. మన పెద్దలు మైల, మడి యని పాటించిన దూర మిచ్చట శాస్త్రముచేతనే సిద్ధించుచున్నది.

ఇన్ని నియమములు పాటింపగలిగిన యింట ఆ బల్ల యుండవచ్చును. అది పుస్తకముల బీరువావలె నొకమూల నొదిగి యుండును. గాని నేలపై ప్రాకు బిడ్డయున్న యింటను, గర్భవతి యున్న యింటను, ఉన్నది ఒక్క గదియే యైనచో, ఆ బల్ల వద్దని మా నిశ్చితాభిప్రాయము. ప్రాకు బిడ్డ నేలనంటిన చేతినే నోట పెట్టుకొనును. తల్లి రక్తమునందలి సీసము కడుపులోని శిశువునకు చేరును. స్థలము లేమిని ఉపాయముచే తీర్చవచ్చును. తలుపు లేని చోట ధూళికి హద్దు గీయుట యెవరి తరము? అట్టివారు గుఱిపందెపు వేడుకకు అంగడి తూటాలు కొనవచ్చును, లేదా బిడ్డ పెరుగువఱకు ప్రెస్సును పెట్టెలో నుంచి తాళము వేయవచ్చును. గొట్టములో మిగులు నాలుగు డబ్బులకంటె బిడ్డ మేధస్సు విలువైనదని పురుషునకు చెప్పవలసివచ్చినప్పుడు, సోదరీమణులారా, కోపముతో గాక కారణముతో చెప్పుడు. కారణము తెలిసి చెప్పిన మాటను త్రోసివేయు భర్త లరుదు.