నెల దాటినను మానని రక్తవిరేచనములు

మన ప్రాంతమున విరేచనములో రక్తము కనబడినచో "వేడి చేసినది" యని మజ్జిగ త్రాగి యూరకుందురు. వానకాలపు జిగట విరేచనములు పెక్కు కొలది దినములలో తగ్గును. కాని నెల దాటినను రక్తము మానక, నడిరేయి నిద్ర లేపుచు, మనిషి చిక్కిపోవుచున్నచో సంగతి వేరు. అట్టివారిలో కొందరికి అల్సరేటివ్ కొలైటిస్, అనగా పెద్దప్రేగు లోపొర పుండుపడు వ్యాధి, యుండవచ్చును. దీని తోడిదియే క్రోన్ వ్యాధి. 1932లో న్యూయార్కు వైద్యుడు క్రోన్ తన సహచరులతో దీనిని వర్ణించెను. అది తరచు చిన్నప్రేగు కొసను పట్టును.

కంచె చేను మేసినట్లు, కాపాడవలసిన దేహరక్షణశక్తియే ప్రేగుపై బడుట యీ రెండింటి తీరు. ఇవి అంటువ్యాధులు కావు. రోగికి వేరు కంచము పెట్టుట అజ్ఞానము.

ప్రేగుక్షయ క్రోన్ వ్యాధిని మిక్కిలి పోలియుండును. క్షయరోగికి స్టిరాయిడ్ మాత్రమే యిచ్చినచో క్షయ విజృంభించును. కావున మలపరీక్ష, కొలొనోస్కోపీ, ముక్కపరీక్ష జరుగకుండ మందులషాపులో స్టిరాయిడ్ బిళ్లలు కొని మ్రింగరాదు. వైద్యుడు మొదలిడినవానిని చటుక్కున మానరాదు. విజయనగరమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరువబడినది. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రి గలదు.

ఈ సందర్భమున భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపవలెను. ఆయన సోదరుని స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొన్నది. తానును దానిచే పీడితుడై, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే కోలుకొనెను. గ్రహణి వేరు, ఈ వ్యాధులు వేరు. అయినను అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కూర్చెను. పిదప మెథోట్రెక్సేటును అచటినుండియే వెలువడెను. నేడు క్రోన్ రోగులు కొందరు మెథోట్రెక్సేటును, దాని కీడు తగ్గుటకు ఫోలిక్ ఆమ్లమును వాడుచున్నారు. మెథోట్రెక్సేటు వారమున కొక్కమారే. దినమును మ్రింగిన ప్రాణాపాయము. గర్భిణులకు అది నిషిద్ధము.

మనవారు చేయు పెద్ద పొరపాటు వేరొకటి. రక్తము ఆగగానే, ఉభాల పనులలో పడి మందు మానుదురు. ఇది నివురు గప్పిన నిప్పు. కొలైటిస్ రోగి మెసలమిన్ వంటి బిళ్లను నెమ్మదిగా నున్న నెలలలోను వాడవలెను. ఒంటినొప్పులకు డైక్లోఫినాక్ వంటివి తానుగా వేసికొనరాదు. అవి వ్యాధిని రేపవచ్చును.

తిండి విషయమున అందరికి నొకటే పథ్యము లేదు. వ్యాధి రేగినపుడు మెత్తని అన్నము, పలుచని పప్పుకట్టు, గ్రుడ్డు మేలు. చోడి అంబలి పడినవారు నెమ్మదించిన పిదప త్రాగవచ్చును. ప్రేగు ఇరుకైనదని వైద్యుడు చెప్పినచో తేగలు, పనసతొనలు తినరాదు. ఉపవాసములచే నిది మానదు, నీరసమే మిగులును. రక్తహీనతకు ఇనుము అవసరమా యని పరీక్షించుకొనవలెను.

పెద్దప్రేగు పుండుపడి 8 ఏండ్లు గడచినవారు, బాధ లేకున్నను, కొలొనోస్కోపీ మరల చేయించుకొనవలెను. అచట క్యాన్సరు పుట్టు భయము కలదు.

ఇంటివారు రోగిని సోమరి యనకుందురు గాక. మరుగులేని దూరపుచేనికి పంపక, విత్తనముల శుద్ధియో, కళ్లమున కొలతయో, సంఘపు లెక్కయో అప్పగించిన చాలును. స్త్రీలు ఈ బాధను మగవారితో చెప్పుకొనలేరు. అత్తగారో, వదినయో ముందుగా అడుగవలెను.