ట్యూన్ తరువాత పీ1870 కోడ్: అపోహలు – వాస్తవాలు

ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను నడిపించే కంప్యూటర్‌లో ఇంధనం, ఆయిల్ పీడనం, గేరు మార్పుల పట్టికలను తిరగరాయడాన్ని ట్యూన్ అంటారు. జనరల్ మోటార్స్ పికప్‌లలో విరివిగా వాడిన 4ఎల్60-ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండికి ట్యూన్ చేయించిన కొద్ది రోజులకే, లోపలి భాగం జారుతోందని తెలిపే పీ1870 కోడ్ నమోదైతే, నేరమంతా ట్యూన్ మీద పడుతుంది.

అపోహ: ట్యూన్ తరువాత వచ్చింది కాబట్టి కోడ్‌కు ట్యూనే కారణం.

వాస్తవం: ఈ కోడ్ జారుడును చెబుతుందే కాని, జారే భాగాన్ని చెప్పదు. ఈ గేర్‌బాక్స్ తొలి రూపాలలో లోపలికి వచ్చే వేగాన్ని కొలిచే సెన్సర్ లేదు గనుక, కంప్యూటర్ బయటి షాఫ్ట్ వేగాన్ని గేరు నిష్పత్తితో గుణించి, ఆ ఫలితాన్ని ఇంజిన్ వేగంతో పోలుస్తుంది. నాలుగో గేరు నిష్పత్తి 0.70, షాఫ్ట్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ, టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్, అంటే నూనె ద్వారా సాగే శక్తి బదిలీని నేరు పట్టుగా మార్చే క్లచ్, బిగిసి ఉంటే, ఇంజిన్ 1400 చుట్లే తిరగాలి, 1650 తిరిగితే 250 చుట్లు జారినట్టు. చాలా బండ్లలో ఈ జారుడుకు మూలం వాల్వ్ బాడీలో, అంటే గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ను వాల్వ్‌ల ద్వారా మళ్లించే భాగంలో, ఉంటుంది. లాకప్ పీడనాన్ని నియంత్రించే వాల్వ్ నిరంతరం ముందుకూ వెనక్కూ ఆడుతూ అల్యూమినియం రంధ్రాన్ని అరగదీస్తుంది. ఆ సందు గుండా, ముఖ్యంగా వేడెక్కి పలచబడినప్పుడు, ఆయిల్ కారిపోయి క్లచ్ పట్టు సడలుతుంది. ట్యూన్‌తో పెరిగిన శక్తి ఈ పాత అరుగుదలను బయటపెడుతుంది, అంతే.

అయితే ట్యూన్ నిజంగా దోషి అయ్యే సందర్భమూ ఉంది, దాన్ని దాచకూడదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని పట్టికలో తక్కువగా చూపితే, కంప్యూటర్ టార్క్‌ను తక్కువగా లెక్కగట్టి, ఆయిల్ పీడనాన్ని కూడా తగ్గించి పంపుతుంది; బాగున్న క్లచ్‌లు సైతం అప్పుడు జారతాయి.

అపోహ: టైర్ల సైజు తప్పుగా నమోదైతే జారుడు కోడ్ వస్తుంది.

వాస్తవం: వేగపు సెన్సర్ ఇరుసుకు ముందు, బయటి షాఫ్ట్ వేగాన్నే కొలుస్తుంది. టైరు సైజు తప్పితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, గేర్లు అకాలంలో మారతాయి. జారుడు లెక్క మాత్రం మారదు. సెన్సర్ చక్రపు పళ్ల సంఖ్యను, అంటే 40ని, మార్చి రాస్తే తప్ప.

అపోహ: గేర్లు కుదుపుతో పడుతున్నాయంటే ట్యూన్‌లో పీడనం ఎక్కువ పెట్టారు.

వాస్తవం: పీ1870 నమోదైన వెంటనే క్లచ్‌లను కాపాడేందుకు కంప్యూటరే పీడనాన్ని గరిష్ఠానికి పెంచుతుంది, లాకప్‌ను ఆపుతుంది. కుదుపు కోడ్‌కు ఫలితం, కారణం కాదు.

అపోహ: కోడ్‌ను ట్యూన్‌లో ఆపేస్తే సరిపోతుంది.

వాస్తవం: హెచ్చరిక దీపం ఆరుతుంది, జారుడు ఆగదు, ఆ రాపిడి వేడికి క్లచ్ పలకలు మాడుతూనే ఉంటాయి. అందువల్ల ముందుగా ఆయిల్ మట్టాన్ని, వాసనను చూసి, బండి బాగా వేడెక్కాక, నాలుగో గేరులో లాకప్ ఆదేశం ఉండగా, లాకప్‌ను విడిపించేందుకు బ్రేకు పెడల్‌ను తేలికగా తాకాలి. ఇంజిన్ చుట్లు పెరగకపోతే లాకప్ అసలు పట్టలేదన్నమాట. తరువాత కంపెనీ పట్టికలను తిరిగి ఎక్కించి, అదే వేడిలో అదే రోడ్డు మీద స్కానర్‌లో జారుడు అంకెను చూడాలి: అప్పుడూ తగ్గకపోతే వాల్వ్ బాడీని విప్పాలి, తగ్గితే గాలి పట్టికను సరిచేయాలి.